సోలో పియానో సీజన్‌కి మొదటిసారి వెళ్ళేవాళ్ళకి: లండన్‌లోని విగ్మోర్ హాల్ గురించి ఒక పియానో ట్యూనర్ మాట

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. లండన్ వచ్చి ఏడాదైంది. పదేళ్ళ పాప పియానో నేర్చుకుంటోంది, గ్రేడ్ 3 పాసైంది. "విగ్మోర్ హాల్‌లో సోలో రిసైటల్స్ (ఒక్కరే వాయించే కచేరీలు) ఉంటాయి, తీసుకెళ్ళండి" అని టీచర్ చెప్పారు. వెబ్‌సైట్ తెరిస్తే సెప్టెంబర్ నుంచి జూలై దాకా పేర్లు, ఓపస్ నంబర్లు (రచనల వరస సంఖ్యలు). తల తిరిగింది. మీకు కర్ణాటక సంగీతం కొంత తెలుసు, ఈ సంగీతం తెలియదు. ఎవరి కచేరీ కొనాలి, ఎక్కడ కూర్చోవాలి, చప్పట్లు ఎప్పుడు కొట్టాలి, పాప కూర్చుంటుందా? చివర్లో అసలు ప్రశ్న: ఒక్క మనిషి ఒక్క వాద్యం రెండు గంటలు వాయిస్తుంటే విసుగు రాదా?

నేనెవరో చెప్పి మొదలుపెడతాను. మాది బొబ్బిలి దగ్గర ఊరు, అమ్మ వీణ వాయించేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి, కొన్నేళ్ళకి అది వదిలేసి, ఇంగ్లండ్‌లోని న్యూఆర్క్‌లో పియానో ట్యూనింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు ఇళ్ళు, స్కూళ్ళు, చర్చి హాళ్ళ పియానోలు శ్రుతి చేస్తూ బతుకుతున్నాను. విగ్మోర్ హాల్ పియానోలు నా చేతికి రాలేదు. అక్కడ నేను టికెట్ కొనుక్కుని కూర్చునేవాణ్ణే, పద్దెనిమిదేళ్ళుగా.

నా సలహా ఒక్క ముక్కలో: మొదటి సీజన్‌కి మూడు కచేరీలు చాలు. ఒకటి పాప కోసం, గంటలో అయిపోయేది. మిగతా రెండూ పెద్దవి, కానీ రెండింట్లోనూ ఒకే రచన ఉండాలి, వాయించేవాళ్ళు వేరు కావాలి. పేరు చూసి కొనకండి, జంట చూసి కొనండి.

ఎందుకో మీకు తెలిసిన దారిలోనే చెబుతాను. డిసెంబర్‌లో మద్రాసు వెళ్ళినవాళ్ళకి అనుభవమే ఇది. ఒకే త్యాగరాజ కృతిని సోమవారం ఒకరు పాడతారు, గురువారం ఇంకొకరు. సోమవారం మనకి కృతి తెలుస్తుంది. గురువారం మనిషి తెలుస్తాడు. "అదేంటి, ఆవిడ ఇక్కడ ఆగింది కదా, ఈయన ఆగలేదేం" అని మనసు అడిగిన క్షణంలో మనం వినడం మొదలుపెట్టినట్టు. పియానో సీజన్ కూడా అంతే. ఒక కచేరీ విని "బాగుంది" అనడం తప్ప కొత్తవాళ్ళు చేయగలిగింది లేదు. పోల్చుకోవడానికి రెండోది ఉంటే చెవి దానంతటదే పని చేస్తుంది. ఇందుకు పాశ్చాత్య సంగీత సిద్ధాంతం అక్షరం ముక్క రానక్కర్లేదు.

జంట దొరుకుతుందా అంటే, ఒకే హాల్లో కాకపోయినా లండన్‌లో దాదాపు ప్రతి సీజన్‌లోనూ దొరుకుతుంది. పియానిస్టులు ఎంతమంది ఉన్నా, మళ్ళీ మళ్ళీ వాయించే పెద్ద రచనల జాబితా మరీ పెద్దదేం కాదు: బీథోవెన్ 32 సొనాటాల్లో (సొనాటా అంటే కొన్ని భాగాలుగా సాగే పెద్ద రచన) చివరి మూడు, షూబర్ట్ చివరి మూడు, బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్, షోపాన్ 24 ప్రెల్యూడ్లు, లిస్ట్ బి మైనర్ సొనాటా, షూమన్‌వి నాలుగైదు. వెబ్‌సైట్‌లో కళాకారుల పేర్లు పక్కన పెట్టి కింద చిన్న అక్షరాల్లో ఉండే రచనల పేర్లు వెతకండి. ఏదైనా రెండుసార్లు కనబడితే ఆ రెండు తేదీలూ కొనేయండి. విగ్మోర్‌లో ఒకటే ఉంటే రెండోది థేమ్స్ అవతలి సౌత్‌బ్యాంక్ సెంటర్‌లోనో, ఇవతలే ఉన్న బార్బికన్‌లోనో దొరకొచ్చు.

నన్ను ఏరమంటే షూబర్ట్ బి ఫ్లాట్ మేజర్ సొనాటా, ఆయన రచనల జాబితాలో డి 960 నంబర్‌ది, కళ్ళు మూసుకుని చెబుతాను. 1828 సెప్టెంబర్‌లో పూర్తి చేశాడు, నవంబర్ 19న చనిపోయాడు, వయసు 31. ఆ విషాదం పక్కన పెట్టండి. దాని గురించి ప్రోగ్రామ్ పుస్తకంలో ఎలాగూ రాస్తారు. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇందులో పట్టుకోవడానికి ఒక కొస ఉంది. అది చెబుతాను.

మొదలు చాలా నెమ్మది, భజనలా నడిచే చరణం. బి ఫ్లాట్‌ని షడ్జమం అనుకోండి. స్వరాలన్నీ మన శంకరాభరణం స్వరాలే. ఏడు బార్లు (బార్ అంటే మన తాళావర్తనం లాంటి లెక్క) అలా హాయిగా నడిచి ఒక చోట ఆగుతుంది. అప్పుడు ఎక్కడో అడుగున, ఎడమచేతి కింద, దూరంగా ఉరిమినట్టు రెండు స్వరాలు గబగబా కదులుతాయి, అతి చిన్నగా. ఆ ఉరుము ఉన్నది శుద్ధ ధైవతం మీద. శంకరాభరణంలో ఆ స్వరానికి చోటు లేదు. తర్వాత నిశ్శబ్దం. పాట మళ్ళీ ఏమీ జరగనట్టే మొదలవుతుంది. కానీ కాసేపటికి గమనించండి, ఆ పరాయి స్వరమే ఆధారషడ్జమం అయి కూర్చుంటుంది, పాట మొత్తం అక్కడికి కాపురం మార్చేస్తుంది. గుమ్మంలో నిలబడ్డ అపరిచితుడు ఇంటి యజమాని అయినట్టు.

పాశ్చాత్య సంగీతంలో మన చెవికి కొత్తగా ఉండేది ఇదే. మనకి తంబురా మొదటి నుంచి చివరి దాకా ఒకచోటే ఉంటుంది, రాగాలు దాని చుట్టూ మారతాయి. వీళ్ళ సొనాటాలో తంబురాయే లేచి ఊళ్ళు తిరుగుతుంది. ఇల్లు వదిలి ఎక్కడెక్కడో తిరిగి ఇంటికి రావడమే కథ. రాగం ఏదా అని వెతికితే చిక్కుపడతారు. "ఇప్పుడు ఇంట్లో ఉన్నామా, బయట ఉన్నామా?" అన్న ఒక్క ప్రశ్నతో వినండి.

ఇక ఇద్దరి తేడా ఎక్కడ తెలుస్తుందంటారా? ఆ ఉరుము దగ్గరే. ఒకరు దాన్ని వినీ వినబడనట్టు వాయిస్తారు, ఇంకొకరు స్వరాలు విడివిడిగా తెలిసేలా వాయిస్తారు. తర్వాతి నిశ్శబ్దాన్ని ఒకరు క్షణంలో దాటేస్తారు, ఒకరు హాలంతా ఊపిరి బిగబట్టే దాకా ఆపుతారు. ఇంకో పెద్ద తేడా రిపీట్. మొదటి భాగంలో మొదటి మూడో వంతుని రెండుసార్లు వాయించమని షూబర్ట్ రాశాడు. వెనక్కి తిప్పడానికి తొమ్మిది బార్లు (సంగీతం బార్లే, సోహో బార్లు కావు) ప్రత్యేకంగా రాశాడు. రిపీట్ తీసేస్తే ఆ తొమ్మిది బార్లు ఎవరికీ వినబడవు. వాటిలో ఆ ఉరుము ఒక్కసారి పిడుగులా పడుతుంది. పియానిస్టుల్లో ఆల్‌ఫ్రెడ్ బ్రెండెల్ ఆ రిపీట్ వాయించేవారు కాదు, ఎందుకు అక్కర్లేదో వ్యాసంలో వాదించారు కూడా. ఆంద్రాస్ షిఫ్ వాయిస్తారు. స్వ్యతోస్లావ్ రిఖ్టర్ వాయించడమే కాదు, ఆ మొదటి భాగం ఒక్కదాన్నే 20 నిమిషాలు దాటించేవారు. కాలం ఆగిపోయిందా అనిపించేంత నెమ్మది. నాకు బ్రెండెల్ వాదన అర్థమవుతుంది, కానీ ఆ పిడుగు లేకపోతే ఏదో తక్కువైనట్టే ఉంటుంది. మీరు రెండూ విని తేల్చుకోండి, నా మాట నమ్మకండి.

"ఒక్క వాద్యం విసుగు రాదా" అన్నారు. పియానో గురించి ఒక రహస్యం చెబితే ఈ విసుగు ప్రశ్న పోతుంది. కచేరీ పియానో అంటే, ఎక్కువ హాళ్ళలో ఉండే స్టైన్‌వే డి మోడల్ తీసుకుంటే, 274 సెంటీమీటర్ల పొడవు, దాదాపు 480 కిలోల బరువు, 88 కీలు. ఎక్కువ స్వరాలకి మూడేసి తీగలు. తీగలన్నీ కలిసి లోపలి ఇనుప చట్రాన్ని లాగే బలం సుమారు 20 టన్నులు. ఇంత యంత్రం చేయలేని పని ఒకటుంది: మోగిన స్వరాన్ని నిలబెట్టడం. కీ నొక్కగానే ఫెల్ట్ చుట్టిన సుత్తి తీగని తాకి వెనక్కొచ్చేస్తుంది. ఆ క్షణం తర్వాత పియానిస్టు వేలు కీ మీద ఉన్నా లాభం లేదు, ధ్వని తగ్గిపోతూనే ఉంటుంది. పెంచలేడు, ఊపలేడు. వయొలిన్ వాళ్ళు స్వరం మధ్యలో పెంచుతారు, గాయకులు పెంచుతారు. అమ్మ వీణ మీద మీటితే అదీ తగ్గిపోయేదే, కానీ తగ్గేలోగా తీగ లాగి ఇంకో రెండు స్వరాలు పిండేది. పియానోలో ఆ లాగడం కూడా లేదు. గమకం అసాధ్యం.

అయినా మంచి పియానిస్టు వాయిస్తే పాడినట్టే వినబడుతుంది. అది కనికట్టు. తగ్గిపోతున్న స్వరం ఎంత బలంలో ఉందో చెవితో కొలిచి, తర్వాతి స్వరాన్ని ఆ బలం దగ్గరే అతికిస్తారు, అతుకు కనబడదు. కుడి పెడల్‌ని పూర్తిగా తొక్కకుండా సగం, పావు తొక్కి తీగల మోతని ఆపే డ్యాంపర్లని ఆనీ ఆననట్టు ఉంచుతారు. ఎడమ పెడల్ తొక్కితే లోపలి యంత్రాంగం మొత్తం కాస్త కుడికి జరిగి, సుత్తి మూడు తీగల్లో రెండిటినే తాకుతుంది. ధ్వని చిన్నదవడం కంటే రంగు మారుతుంది. ఇవన్నీ మైకులు లేకుండా జరుగుతాయి. విగ్మోర్‌లో మైకు ఉంటే అది రేడియో, వీడియో ప్రసారాల కోసమే. అందుకే హాలు సైజు ముఖ్యం. రాయల్ ఫెస్టివల్ హాల్‌లో 2,700 సీట్లు. విగ్మోర్‌లో 552. మొదటిదాంట్లో పియానిస్టు మిమ్మల్ని చేరడానికి వాయించాలి. రెండోదాంట్లో తనకోసం వాయించుకుంటే మనం పక్కగదిలోంచి విన్నట్టు ఉంటుంది. సోలో పియానోకి నా ఓటు ఎప్పుడూ చిన్న హాలుకే.

ఆ హాలు పియానోకి సరిపోవడం యాదృచ్ఛికం కాదు. దాన్ని కట్టించిందే పియానో కంపెనీ. బెర్లిన్‌కి చెందిన బెక్‌స్టైన్ వాళ్ళు విగ్మోర్ స్ట్రీట్‌లో తమ షోరూమ్ పక్కన కట్టించారు, ఆర్కిటెక్ట్ థామస్ కాల్‌కట్. 1901 మే 31న బెక్‌స్టైన్ హాల్ పేరుతో తెరిచారు. ఆ రోజు వాయించినవాళ్ళలో పియానిస్టు బుసోనీ, వయొలినిస్టు ఇజాయ్ ఉన్నారు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మన్ కంపెనీ కాబట్టి ఆస్తి జప్తు చేసి 1916లో వేలం వేశారు. లక్ష పౌండ్లు పెట్టి కట్టిన హాలు, లోపలి పియానోలతో సహా 56,500 పౌండ్లకి డెబెన్‌హమ్స్ డిపార్ట్‌మెంట్ స్టోర్ వాళ్ళ చేతికి పోయింది. 1917లో వీధి పేరు పెట్టి మళ్ళీ తెరిచారు. ఈమధ్య బెక్‌స్టైన్ వాళ్ళు అదే వీధిలో ఇంకో చిన్న హాలు పెట్టుకున్నారు, నూరేళ్ళ తర్వాత పాత వీధికి తిరిగొచ్చినట్టు.

వేదిక పైన గోపురం లోపలి బొమ్మ పాపకి చూపించండి. బంగారు కిరణాలు, మధ్యలో పైకి చూస్తున్న మనిషి రూపం, సంగీతం ఆత్మ అట. కచేరీ విసుగు పుడితే చూడ్డానికి అదొక్కటే ఉంది, నేను చాలాసార్లు చూశాను.

ఆ వేదిక మీద జరిగినవాటిలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆర్థర్ రూబిన్‌స్టైన్. 1912లో, ఇంకా బెక్‌స్టైన్ హాల్‌గా ఉన్నప్పుడు అక్కడ వాయించారు. 1976 మేలో తన చివరి కచేరీకీ అక్కడికే వచ్చారు. 89 ఏళ్ళు, చూపు బాగా తగ్గిపోయింది. అప్పట్లో హాలు కూల్చేస్తారన్న భయం ఉండేది. వాయించడం అయ్యాక లేచి ఈ హాలుని కాపాడుకోండి అని సభని కోరారు. కాపాడుకున్నారు.

'రిసైటల్' అనే పేరు కూడా ఆ చుట్టుపక్కలదే. అంతకుముందు కచేరీ అంటే గాయకులు, వయొలిన్లు, పియానో అన్నీ కలిసిన కదంబం. 1840 జూన్‌లో ఫ్రాంజ్ లిస్ట్ హానోవర్ స్క్వేర్ రూమ్స్‌లో వాయించినప్పుడు ప్రకటనలో 'రిసైటల్స్' అన్న మాట వాడారు. పియానో మీద పద్యం చదివినట్టు చదవడమేమిటని జనం నవ్వుకున్నారట. ఆ మాటే నిలబడింది. హానోవర్ స్క్వేర్ నుంచి విగ్మోర్ స్ట్రీట్‌కి నడిచి వెళ్ళొచ్చు.

ప్రోగ్రామ్ ఎలా ఉంటుందో చెబుతాను, మీ భయం ఇంకాస్త తగ్గుతుంది. మన కచేరీ పద్ధతికి దగ్గరగానే ఉంటుంది. అరియక్కుడి స్థిరపరిచిన వరస గుర్తుంది కదా: వర్ణం, చిన్న కృతులు, మధ్యలో పెద్ద కృతి, చివర తుక్కడాలు. ఇక్కడా అంతే. ముందు చెవిని సిద్ధం చేసే బాఖో హైడనో, ఆ తర్వాత ఏదో ఒకటి, 20 నిమిషాల విరామం, రెండో సగంలో బరువైన సొనాటా, చివర ఎన్‌కోర్లు. ఎన్‌కోర్ అంటే తుక్కడాయే. ప్రోగ్రామ్‌లో రాసి ఉండదు, పియానిస్టు ఇష్టం, పేరు గట్టిగా చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. విరామం తీసేస్తే వాయించేది 75 నిమిషాలకి అటూఇటూ. రెండు గంటలు నిర్విరామంగా కాదు. బీథోవెన్ చివరి మూడు సొనాటాలు మాత్రం కొందరు విరామం లేకుండా ఒక్క ఊపులో వాయిస్తారు. షిఫ్ అయితే ఈమధ్య ఏం వాయిస్తారో ముందు చెప్పడం మానేసి వేదిక మీద నుంచే ప్రకటిస్తున్నారు. మనకి అలవాటైన పద్ధతే, ఇక్కడివాళ్ళకే వింత. కానీ మీ మొదటి జంటకి ఆయన్ని పెట్టుకోకండి, జంట కుదరదు.

పాప సంగతి. మొదటి కచేరీకి ఆదివారం ఉదయం 11:30కి జరిగేది గానీ, సోమవారం మధ్యాహ్నం 1 గంటది గానీ చూడండి. సోమవారాలు స్కూలుంటుంది కాబట్టి సెలవుల్లో పడితేనే. రెండూ గంటలో అయిపోతాయి, విరామం ఉండదు. సోమవారంది బీబీసీ రేడియో 3లో ప్రత్యక్షంగా వస్తుంది. అన్నీ సోలో పియానోవి కావు, చూసి కొనాలి. ఆదివారం కచేరీ అయ్యాక కాఫీయో షెర్రీయో ఇస్తారు. పిల్లలతో వెళ్ళేముందు ఆ కచేరీకి వయసు నిబంధన ఏముందో వెబ్‌సైట్‌లో చదువుకోండి.

ఈ మధ్యాహ్నం కచేరీల వెనక లండన్‌కి ఒక పెద్ద కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే హాళ్ళు మూతపడ్డాయి. నేషనల్ గ్యాలరీలో బొమ్మలన్నీ వేరే చోటికి తరలించారు, గోడలు ఖాళీ. మైరా హెస్ అనే పియానిస్టు ఆ ఖాళీ గ్యాలరీలో రోజూ మధ్యాహ్నం కచేరీ పెడదామని అడిగింది. 1939 అక్టోబర్ 10న మొదటిది తనే వాయించింది. టికెట్ ఒక షిల్లింగ్. సోమవారం నుంచి శుక్రవారం దాకా, బాంబులు పడుతున్నా ఆపకుండా, 1946 ఏప్రిల్ దాకా 1,698 కచేరీలు జరిగాయి. ఆఫీసు వాళ్ళు శాండ్‌విచ్ తింటూ వచ్చి విని వెళ్ళేవాళ్ళు. 2020 జూన్‌లో కోవిడ్ టైమ్‌లో విగ్మోర్ హాల్ వాళ్ళు ఖాళీ కుర్చీల ముందు మధ్యాహ్నం కచేరీలు మొదలుపెట్టినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. జూన్ 1న మొదట వాయించింది స్టీవెన్ హఫ్. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో చూశాను. చివర్లో ఆయన లేచి వంగి నమస్కరిస్తే చప్పుడే లేదు. వంటింట్లో నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టాను.

గ్రేడ్ 3 పిల్లకి ఏది బాగుంటుంది? చిన్న చిన్న ముక్కలుగా ఉండేవి. షూమన్ 'చిన్ననాటి దృశ్యాలు' 13 ముక్కలు, మొత్తం కలిపి 20 నిమిషాల్లోపే. దెబ్యుసీ తన చిన్నారి కూతురికి అంకితమిచ్చిన 'చిల్డ్రన్స్ కార్నర్' ఆరు ముక్కలు. మొదటిది పియానో వేళ్ళ కసరత్తుల మీద వెటకారం, పాపకి వెంటనే అర్థమవుతుంది, రోజూ పడే బాధే కదా. ముసోర్‌గ్‌స్కీ 'ప్రదర్శనలో చిత్రాలు' దొరికితే ఇంకా మంచిది: బొమ్మల ప్రదర్శనలో ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకి నడుస్తూ చూడటం, మధ్యలో ఆ నడక సంగీతం తిరిగి తిరిగి రావడం. అరగంట దాటుతుంది గానీ గుడ్లలోంచి బయటికి రాని కోడిపిల్లల నాట్యం ఉంది, మంత్రగత్తె ఉంది, పిల్లలు కదలరు. షోపాన్ ప్రెల్యూడ్లు కూడా ఫరవాలేదు, 24లో కొన్ని నిమిషం కూడా ఉండవు. డి 960కి మాత్రం పాపని ఇప్పుడే లాక్కెళ్ళకండి. 40 నిమిషాలు, అందులో సగం నిశ్శబ్దానికి దగ్గరగా ఉంటుంది. అది మీకు.

వెళ్ళేముందు వారం రోజులు ఆ ముక్కలు కారులోనో, వంట చేస్తూనో వినిపించండి. "వినకుండా వెళ్తే తాజాగా ఉంటుంది" అని కొందరంటారు. నేను ఒప్పుకోను. మనం తెలిసిన కృతికి తలాడిస్తాం గానీ తెలియని కృతికి కాదు. విగ్మోర్ హాల్ వాళ్ళవే చాలా కచేరీల వీడియోలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లీష్‌లో వినగలిగితే, షిఫ్ 2004 నుంచి 2006 దాకా అదే హాల్లో బీథోవెన్ 32 సొనాటాల మీద పియానో ముందు కూర్చుని చెప్పిన పాఠాల ఆడియో వెతకండి. ఒక వాక్యం చెప్పి, నాలుగు స్వరాలు వాయించి, ఒక జోకు వేస్తారు. పుస్తకాల కంటే అది నయం.

సీటు. వేదిక వైపు చూస్తూ మీ ఎడమ చేతి వైపు కూర్చుంటే పియానిస్టు చేతులు కనబడతాయి. కుడి వైపు కూర్చుంటే ముఖం కనబడుతుంది. పియానో మూత ప్రేక్షకుల వైపుకి తెరుచుకుంటుంది కాబట్టి ధ్వని మధ్యకీ కుడికీ కాస్త నిండుగా వస్తుందంటారు. 552 సీట్ల హాల్లో ఆ తేడా పట్టించుకోవాల్సినంత కాదు. పాపతో వెళ్ళినప్పుడు ఎడమ, మరో మాట లేదు. ముఖ్యంగా గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ అయితే. బాఖ్ దాన్ని రెండు వరసల కీబోర్డులున్న హార్ప్సికార్డ్ (పియానోకి ముందుతరం వాద్యం) కోసం రాశాడు, 1741లో అచ్చయింది. ఒకే వరస ఉన్న పియానో మీద రెండు చేతులూ ఒకదాని మీదకి ఒకటి ఎక్కి, కింద నుంచి దూరి, ఒకే చోట గుద్దుకోబోయి తప్పించుకుంటాయి. పియానో రానివాళ్ళకి కూడా సర్కస్ చూసినట్టుంటుంది. బాగా ముందు వరసలు మాత్రం వద్దు. పెడల్ చప్పుడు, పియానిస్టు ఊపిరి, కూనిరాగం కూడా వినబడతాయి. నాకు అవి ఇష్టమే, కొత్తవాళ్ళకి చిరాకు.

టికెట్ల విషయం త్వరగా చెప్పేస్తాను. పెద్ద పేర్లవి సభ్యుల ముందస్తు బుకింగ్‌లోనే అయిపోతాయి. వదిలేయండి, పెద్ద పేరు మీకు ఇప్పుడు అక్కర్లేదు. తప్పనిసరి అనుకుంటే కొన్నవాళ్ళు వెనక్కి ఇచ్చేసే టికెట్ల కోసం ఆ రోజు పొద్దున్నుంచీ వెబ్‌సైట్ చూస్తూ ఉండండి, ఒకటీ అరా దొరుకుతుంది. మీకు 35 ఏళ్ళు నిండకపోతే చాలా కచేరీలకి 5 పౌండ్ల టికెట్లుంటాయి, ముందు అది చూడండి. దిగాల్సిన ట్యూబ్ స్టేషన్ బాండ్ స్ట్రీట్ లేదా ఆక్స్‌ఫర్డ్ సర్కస్. బట్టలు మీ ఇష్టం, చీర కట్టుకున్నా జీన్స్ వేసుకున్నా ఎవరూ చూడరు. ఆలస్యమైతే మాత్రం ముక్కకీ ముక్కకీ మధ్య దాకా బయటే నిలబెడతారు.

చప్పట్ల టెన్షన్ అందరికీ ఉండేదే. సొనాటాకి మూడు నాలుగు భాగాలుంటాయి, మధ్యలో కొట్టరు. మనకి మధ్యలో "ఆహా" అనడం, తల ఊపడం, తొడ మీద తాళం వేయడం అలవాటు. ఇక్కడ ఆ మూడూ మానుకోవాలి. మొదట్లో ఊపిరాడదు. తాళం మానడానికి నాకు రెండేళ్ళు పట్టింది, పక్కాయన చూపు ఇంకా గుర్తుంది. చప్పట్లకి లెక్కలు పెట్టుకోకండి, ప్రోగ్రామ్ మీద వేలు పెట్టి భాగాలు లెక్కించడం పెద్ద తలనొప్పి. పియానిస్టు భుజాలు చూడండి. భాగానికీ భాగానికీ మధ్య చేతులు కిందికి దిగినా భుజాలు బిగిసే ఉంటాయి. అయిపోయాక భుజాలు దిగుతాయి. అది కూడా నమ్మకం లేకపోతే పదిమంది కొట్టాక కొట్టండి.

ఒక్కసారి నా వల్ల జరిగిన ఘోరం చెబుతాను. ఇంకో ఊళ్ళో, వేరే హాల్లో, బీథోవెన్ చివరి సొనాటా, ఓపస్ 111. రెండే భాగాలు. రెండోది ఎక్కడో ఆకాశంలో ట్రిల్లులు (పక్కపక్క స్వరాలు రెండిటిని గబగబా మార్చి వాయించడం) మోగించి, ఏ ఆర్భాటమూ లేకుండా, మాట మధ్యలో ఆపినట్టు చిన్నగా ముగుస్తుంది. నాకు ముగింపు తెలుసన్న పొగరు. చివరి స్వరం తీగల్లో ఇంకా ఉండగానే కొట్టాను. ఒక్కణ్ణే. ఆయన చేతులు ఇంకా కీల మీదే ఉన్నాయి. హాలంతా నా వైపు తిరిగిన ఆ రెండు సెకన్లు ఇప్పటికీ నిద్రలో వస్తాయి. ఆలస్యంగా కొట్టినవాణ్ణి ఎవరూ తిట్టరు, తొందరపడ్డవాణ్ణి మర్చిపోరు.

దగ్గు మీద కూడా ఇక్కడివాళ్ళు చాలా కచ్చితం. బిళ్ళలు తెచ్చుకోండి, కానీ కాగితం ఇంట్లోనే విప్పేసి చేతిరుమాల్లో చుట్టుకు రండి. నిశ్శబ్దంలో ఆ కాగితం విప్పే చప్పుడు దగ్గు కంటే పెద్దది, పైగా మెల్లగా విప్పితే ఇంకా ఎక్కువసేపు.

చివరిగా ఒకటి, నా వృత్తి పక్షపాతమే అనుకోండి. విరామంలో అందరూ బార్‌కి పోతారు. మీరు పోకండి, కూర్చోండి. చాలా రిసైటల్స్‌కి ఆ 20 నిమిషాల్లో ట్యూనర్ వేదిక మీదకి వస్తారు. మొదటి సగమంతా గట్టిగా వాయించాక ఒకే స్వరానికి ఉన్న మూడు తీగల్లో ఏదో ఒకటి కొద్దిగా జారి ఉంటుంది. వాటిని మళ్ళీ ఒకటి చేస్తారు. పాపని వేదిక దగ్గరికి తీసుకెళ్ళి వినమనండి. ఒకే కీ నొక్కుతూ ఉంటారు, ధ్వనిలో "వావ్ వావ్ వావ్" అని అల ఊగుతుంటుంది, తాళంచెవి లాంటి పనిముట్టుని వెంట్రుకవాసి తిప్పగానే ఆ ఊపు నెమ్మదించి, ఆగి, మూడు తీగలూ ఒక్క తీగైపోతాయి. వీణ శ్రుతి చేస్తున్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని నేను మొదట విన్నది ఇదే. పాపకి అది వినబడిందంటే ఇంట్లో మీ పియానోకి ట్యూనర్‌ని ఎప్పుడు పిలవాలో మీకు తనే చెబుతుంది. వేదిక మీది ఆయన్ని మాత్రం పలకరించకండి. మధ్యలో ఎవరైనా మాట్లాడిస్తే మేం మళ్ళీ మొదటి నుంచి వినుకోవాలి.